అట్ట నిచ్చెన, 14 మెట్లు: రాణి కరోలిన్ బొమ్మను మళ్ళీ చేసిన లెక్కలు

దశ 1. అట్ట, మడత (మార్చి 2 నుంచి 10)

మొదటి నిచ్చెన నిలబడలేదు. రెండోది నిలబడింది గానీ ఫ్యాన్ వేయగానే పడిపోయింది. మూడోది మడత దగ్గర పగిలింది. నాలుగోదాన్ని నేనే విసిరికొట్టాను.

ఇది ఏ నిచ్చెనో ముందు చెప్పాలి. 1820 ఆగస్టులో లండన్ లడ్‌గేట్ హిల్‌లో విలియం హోన్ అనే పుస్తకాల వ్యాపారి ఒక షిల్లింగుకు చిన్న పుస్తకం అమ్మాడు. పేరు 'ది క్వీన్స్ మ్యాట్రిమోనియల్ లాడర్', అంటే రాణిగారి పెళ్ళి నిచ్చెన. బొమ్మలు జార్జ్ క్రూక్‌శాంక్‌వి. పుస్తకంతో పాటు అట్ట నిచ్చెన ఒకటి ఇచ్చేవాడు. దాని మీద 14 మెట్లు, మెట్టుకో బొమ్మ, మెట్టుకో మాట. ఇంగ్లండ్ రాజు నాలుగో జార్జి తన భార్య కరోలిన్ మీద వ్యభిచారం మోపి, పార్లమెంటులో బిల్లు పెట్టించి విడాకులు తీసుకోవాలని చూసిన గొడవ అంతా ఆ మెట్ల మీదే ఉంది. పార్లమెంటు ఎగువసభ అయిన లార్డ్స్ సభలో విచారణ ఆగస్టు 17న మొదలైంది. అంటే సభలో సాక్షులు మాట్లాడుతుంటే బయట ఈ నిచ్చెన బల్లల మీద నిలబడి ఉంది.

నేను చేస్తున్నది దాని అచ్చు నకలు కాదు. బొమ్మలకు ఆధారం బ్రిటిష్ మ్యూజియం సేకరణలోని ప్రతి. కొలతలు నావి, మెట్ల మీది మాటలు తెలుగువి.

కొలతలు:

1. నిచ్చెనకు రెండు పక్కలు, ఒక్కో పక్క 200 × 60 మి.మీ.
2. పక్కకు 7 మెట్లు. ఒక్కో మెట్టుకు 22 మి.మీ. బొమ్మ, 5 మి.మీ. పట్టీ. మొత్తం 189.
3. కింద 8, పైన 3 ఖాళీ. అదీ 200.
4. బొమ్మ వెడల్పు 48. రెండు వైపులా నిచ్చెన గుంజలకు 6 చొప్పున.

తప్పంతా అట్టలో ఉంది. మొదట 220 జీఎస్ఎం (చదరపు మీటరుకు అన్ని గ్రాముల బరువు) వాడాను, అది నడుం వంచింది. 300కి మారితే నిలబడింది గానీ మడత చిట్లింది. కాగితంలో పీచు ఒక దిక్కుకే పడుకుని ఉంటుంది, దాన్నే గ్రెయిన్ అంటారు. మడత శుభ్రంగా రావాలంటే పీచు మడతకు సమాంతరంగా ఉండాలి. నిచ్చెన నిటారుగా నిలవాలంటే పీచు నిలువునా ఉండాలి. రెండూ ఒకే అట్టలో కుదరవు. ఈ ముక్క తెలుసుకోవడానికే నాలుగు నిచ్చెనలు పోయాయి.

మార్పు: మడత మానేశాను. పీచు నిలువుగా ఉండేలా రెండు పక్కలూ విడివిడిగా కోసి, పైన పాత పంచె గుడ్డ పట్టీతో అతికించాను. జిగురు మైదాది. బైండింగు వాళ్ళు పురుగు పట్టకుండా అందులో మైలుతుత్తం కలుపుతారు. ఇది పిల్లల చేతికి వెళ్ళే బొమ్మ, మైలుతుత్తం విషం, కాబట్టి లవంగాల కషాయం కలిపాను. రెండు కాళ్ళ మధ్య దారం కట్టాను, సున్నం వేసేవాళ్ళ నిచ్చెనకు ఉన్నట్టు. కాళ్ళ ఎడం 90 మి.మీ. ఉంటే ఫ్యాన్ గాలికి కదలదు.

ఇలా అతికించాక ఒకటి గమనించాను. 7వ మెట్టు ఎమిగ్రేషన్, 8వది రెమిగ్రేషన్. కరోలిన్ 1814 ఆగస్టులో ఇంగ్లండ్ వదిలి వెళ్ళింది, 1820 జూన్ 5న డోవర్‌లో దిగింది. నా గుడ్డ పట్టీ సరిగ్గా ఆ రెంటి మధ్య పడింది. ఇటు ఏడు మెట్లు ఆమె వెళ్ళేదాకా, అటు ఏడు ఆమె వచ్చాక. ఇది అనుకుని చేసింది కాదు, కానీ ఇక మార్చదలచుకోలేదు.

ఇప్పటిదాకా: ఖర్చు 210 రూపాయలు (రెండు రకాల ఏ3 అట్ట, పదేసి షీట్లు). 6 గంటలు. పాడైన నిచ్చెనలు 4.

దశ 2. బొమ్మలు చెక్కడం (మార్చి 16 నుంచి ఏప్రిల్ 6)

క్రూక్‌శాంక్ బొమ్మలను చెక్కింది గట్టి బాక్స్‌వుడ్ కర్ర మీద, దుంగను అడ్డంగా కోసిన ముఖం మీద. ఆ ముఖం మీద వెంట్రుకంత గీత కూడా నిలుస్తుంది. నాకు ఆ కర్ర దొరకదు, దొరికినా ఆ చెయ్యి లేదు. లైనోలియం (లైనో) షీటు తీసుకున్నాను, కత్తితో చెక్కడానికి వీలైన మెత్తటి షీటు అది.

కర్రే ఎందుకు వాడారన్నది ఇక్కడ చెప్పాలి, ఈ పని మొత్తానికి అసలు కీలకం అదే. రాగి రేకు మీద చేసిన బొమ్మకు సిరా గీత గుంటలో ఉంటుంది, దానికి వేరే ప్రెస్సు కావాలి. కర్ర అచ్చులో సిరా పైనే ఉంటుంది, సీసం అక్షరాల పక్కనే బిగించి బొమ్మా మాటా ఒకే దెబ్బకు అచ్చు వేయొచ్చు. అందుకే షాపు కిటికీల్లో వేలాడే రంగుల రాగి బొమ్మ ఒక్కటే కొనే డబ్బుతో హోన్ బొమ్మల పుస్తకం మొత్తం ఇవ్వగలిగాడు.

నా పొరపాట్లు వరసగా:

1. 14 బొమ్మలకు 14 చిన్న ముక్కలు కోసుకున్నాను. 5 చెక్కాక వాటిని ఒక వరసలో పెట్టడం నా వల్ల కాలేదు. ఒకటి అర మి.మీ. జరిగినా గుంజ గీత మెట్టు మెట్టుకూ విరుగుతుంది. ఐదూ పారేసి, ఏడు బొమ్మలకూ కలిపి ఒకే పొడుగు ముక్క చెక్కాను. ఒక ఏ5 షీటులో అలాంటివి రెండు వస్తాయి.
2. ముఖాలు పోయాయి. 22 మి.మీ. ఎత్తులో లైనో మీద ముక్కు చెక్కితే మనిషి కాదు, వేరుశనగకాయ వస్తోంది. ముఖాలు వదిలేశాను. రాజుకు బొజ్జ, పైకి దువ్విన ఉంగరాల జుట్టు. రాణికి ఈకల టోపీ. అంతే. ఎవరెవరో దూరం నుంచే తెలుస్తోంది.
3. అద్దంలో తిప్పి గీయడం మరిచాను, ఒక్కసారే. మొత్తం తిరగేస్తే ఎవరూ కనిపెట్టరు కదా అనుకున్నాను. కానీ మెట్ల వరస కింది నుంచి పైకి, చూపులన్నీ ఒకే దిక్కు. ఒక్క రాణి మాత్రం వెళ్ళాల్సిన ఓడకు వీపు పెట్టి కూర్చుంది. మళ్ళీ చెక్కాను.

అన్నిటికన్నా తేలికగా వచ్చింది 10వ మెట్టులోని ఆకుపచ్చ సంచి. కరోలిన్ నడత మీద విచారణ జరిపిన మిలాన్ కమిషన్ ఇటలీలో పోగుచేసిన సాక్ష్యాలను ఆకుపచ్చ సంచుల్లో కట్టి పార్లమెంటుకు పంపారు, సభకొకటి. ఆ ఏడాది కార్టూన్లలో ఎక్కడ చూసినా ఆ సంచే. ఒక మూట, మెడ దగ్గర తాడు, అయిపోయింది. ఇరవై నిమిషాల పని.

కష్టమైంది మొదటి మెట్టు. అప్పటికింకా యువరాజైన జార్జి తాగి కుర్చీలో పడి ఉంటాడు, చుట్టూ సీసాలు, పాచికలు. పెళ్ళికి వరుడి అర్హత అదన్నమాట. 1795లో పెళ్ళినాటికి అతని అప్పులు 6,30,000 పౌండ్లు. సీసాలు చెక్కగలిగాను. పాచికల చుక్కలు పూడిపోయాయి.

మరో మాట. ఇదే క్రూక్‌శాంక్ 1820 జూన్‌లో రాజుగారి వైపు నుంచి 100 పౌండ్లు తీసుకుని, రాజును నీతిమాలిన స్థితిలో గీయనని మాటిచ్చి రసీదు ఇచ్చాడు. రెండు నెలలకు ఈ నిచ్చెన వచ్చింది. చెక్కుతున్నంతసేపూ ఆ రసీదే గుర్తొచ్చి నవ్వొచ్చేది.

చలి దేశాల వాళ్ళు లైనోను మెత్తబడటానికి వేడి చేసుకోమంటారు. మార్చిలో విజయవాడలో ఆ అవసరం లేదు. మధ్యాహ్నం చెక్కితే కత్తి ఆగదు, జారిపోతుంది. తెల్లవారుజామునే చెక్కండి.

ఇప్పటిదాకా: 1,040 రూపాయలు (లైనో 480, కత్తుల సెట్టు 350 కలిపి). 29 గంటలు. పాడైన చిన్న అచ్చులు 5, పెద్దది 1. తెగిన వేలు 1.

దశ 3. సిరా, రోలరు (ఏప్రిల్ 12 నుంచి 20)

ఈ దశ మొత్తం మీరు దాటేయొచ్చు. నేను దాటేయలేకపోయాను.

ఆ కాలపు సిరా అంటే దీపపు మసి, కాచి చిక్కబరిచిన అవిసె నూనె. ఆముదం దీపం మీద ఇత్తడి పళ్ళెం బోర్లించి కాటుక పట్టాను. రెండు రాత్రులకు ఒక చెంచాడు వచ్చింది. అవిసె నూనె కాచడం ఇంట్లో చేయొద్దు, అంటుకుంటుంది. నేను కాచకుండా పచ్చిదే కలిపాను. అచ్చు నల్లగా బాగానే పడింది. మర్నాటికి ప్రతి గీత చుట్టూ పసుపు నూనె మరక, అప్పడాలు పెట్టిన కాగితంలా.

రోలరు సంగతి ఇంకా ఘోరం. అంతకుముందు సిరాను తోలు బంతులతో అద్దేవాళ్ళు. సరిగ్గా ఆ రోజుల్లోనే వాటి బదులు జిగురూ చెరకు పాకమూ కలిపి పోసిన రోలర్లు వాడకంలోకి వస్తున్నాయి. మనకు బెల్లం ఉంది, వడ్రంగి జిగురు ఉంది, ఇంకేం కావాలి అనుకున్నాను. జిగురు నానబెట్టి, నీళ్ళ గిన్నెలో కరిగించి, బెల్లం పాకం కలిపి, పీవీసీ గొట్టంలో పోశాను. మర్నాడు పొద్దున తీస్తే అందమైన రోలరు. పదింటికి పనిచేసింది. పన్నెండింటికి చెమట పట్టింది. రెండింటికి బల్ల మీద పాకం, చుట్టూ చీమలు.

ఫోన్ చేస్తే మా పెదనాన్న నవ్వాడు. ఆయన ముప్పై ఏళ్ళు ప్రెస్సులో అక్షరాలు పేర్చే కంపోజిటర్‌గా చేసినవాడు.

"మే నెలలో మా రోలర్లూ అంతేనమ్మా. పొద్దున్నే రన్నింగు కొట్టి మధ్యాహ్నం పడుకునేవాళ్ళం. రబ్బరుది కొనుక్కో."

కొనుక్కున్నాను. సిరా కూడా ఆఫ్‌సెట్ ప్రెస్సు వాళ్ళ దగ్గర చిన్న డబ్బా తెచ్చుకున్నాను.

ఇప్పటిదాకా: 2,020 రూపాయలు. ఇందులో నూనె, జిగురు, బెల్లం కింద 380 వృథా. రబ్బరు రోలరు 450, సిరా 150. గంటలు 38.

దశ 4. మెట్ల మీద మాటలు (ఏప్రిల్ 24 నుంచి 28)

ఇంగ్లీషులో 14 మాటలూ 'ఏషన్' అని ముగుస్తాయి: క్వాలిఫికేషన్, డిక్లరేషన్, ఆక్సెప్టేషన్, ఆల్టరేషన్... చివరికి డిగ్రడేషన్. చదువుతుంటే మెట్లెక్కుతున్న అడుగుల చప్పుడులా ఉంటుంది. ఆ చప్పుడు లేకపోతే ఇది బొమ్మల పట్టిక అయిపోతుంది. తెలుగులో 'న, ణ'లతో ముగించాలని కూర్చున్నాను.

1. యోగ్యతా నిరూపణ
2. ప్రకటన
3. స్వీకరణ
4. పరివర్తన
5. నిందారోపణ
6. విమోచన
7. నిష్క్రమణ
8. పునరాగమనం
9. ఆందోళన
10. అభిశంసన
11. ప్రచురణ
12. గర్జన
13. కిరీటధారణ
14. అవహేళన

5, 6 మెట్లు 1806 నాటివి. కరోలిన్‌కు అక్రమ సంతానం ఉందన్న మాట మీద రహస్య విచారణ జరిపి, ఆధారం లేదని తేల్చారు. 8 దగ్గర ఓడిపోయాను. సున్నా తీసేస్తే మాట కుంటుతుంది, ఉంచితే తాళం తప్పుతుంది. ఉంచాను. రెమిగ్రేషన్ కూడా ప్రాస కోసం లాక్కొచ్చిన మాటలాగే ఉంటుంది. 14 కూడా సరిగ్గా అతకలేదు. అసలు మాటకు రాజు స్థాయి దిగజారడం అని అర్థం, 'అవహేళన' అంటే వెక్కిరింత. అయినా హోన్ చేసింది వెక్కిరింతే కాబట్టి సర్దుకున్నాను. 13వ మెట్టు అచ్చయ్యేనాటికి రాజుకు పట్టాభిషేకమే కాలేదు. అది 1821 జూలై 19న జరిగింది. కరోలిన్ వెస్ట్‌మిన్‌స్టర్ అబీ చర్చి తలుపుల దాకా వెళితే లోపలికి రానివ్వలేదు. ఆ తరువాత 19 రోజులకు, ఆగస్టు 7న చనిపోయింది. అట్ట మీద మాత్రం మెట్టు పదకొండు నెలల ముందే సిద్ధం.

ఇక కొలతల గొడవ. పట్టీ 5 మి.మీ. పెట్టుకున్నానని చెప్పాను కదా. ఇంగ్లీషు పెద్దక్షరాలకు చాలు. మనకు పైన గుడి, కింద వత్తు. 'ప్రకటన'లో క్రావడి కింది గీతలో కలిసిపోయింది, 'నిష్క్రమణ' నల్ల మచ్చ అయింది. లైనోలో ఈ అక్షరాలు చెక్కలేనని తేలిపోయింది.

మార్పులు:

1. పట్టీ 7 మి.మీ., బొమ్మ 20. మొత్తం 27 మారలేదు కాబట్టి నిచ్చెన ఎత్తు మారదు.
2. చెక్కిన అచ్చుల్లో ప్రతి బొమ్మ అడుగు నుంచి 2 మి.మీ. తీసేశాను. ఆరు చోట్ల రాజుగారి పాదాలు పోయాయి. మెట్టు వెనక నిలబడ్డట్టు ఉన్నాడు, పరవాలేదు.
3. మాటలకు రబ్బరు స్టాంపులు చేయించాను. 14 మాటలూ ఒకే షీటు మీద తీయించి, ఇంట్లో కోసి చెక్క ముక్కలకు అతికించుకుంటే చవక.

ఇప్పటిదాకా: 2,620 రూపాయలు (స్టాంపులు 600). 45 గంటలు.

దశ 5. అచ్చు (మే 3 నుంచి 8)

చెంచా వెనక్కి తిప్పి రుద్దితే అచ్చు పడుతుందని మొదలుపెట్టాను. పల్చటి కాగితానికి అది సరే. 300 జీఎస్ఎం అట్ట మీద చెంచా అరిగింది తప్ప బొమ్మ పడలేదు. బైండింగు వాళ్ళ స్క్రూ ప్రెస్సు ఒకటి నాలుగు రోజులకు అడిగి తెచ్చుకున్నాను.

పనిచేసిన క్రమం:

1. అచ్చు మీద రోలరు మూడుసార్లు, అంతకు మించొద్దు. సిరా ఎక్కువైతే గీతలు పూడతాయి.
2. అట్ట మూలను రెండు గుండుసూదులకు ఆనించి దించాలి.
3. పైన నాలుగు మడతల న్యూస్‌పేపరు, ఆ పైన చెక్క.
4. స్క్రూ గట్టిపడ్డాక పావు తిప్పు. పది లెక్కపెట్టి వదలాలి.
5. నీడలో రెండు రోజులు ఆరాక స్టాంపులు. ముందే వేస్తే రెండు సిరాలూ కలుస్తాయి.

ఎడమ పక్కలు 24 వేస్తే 15 బాగొచ్చాయి. కుడి పక్కలు 24 వేస్తే 11. కుడి అచ్చులో 12వ మెట్టు, అంటే జనం గుమిగూడిన బొమ్మ, ఎప్పుడూ మధ్యలో తేలిపోయేది. అక్కడ గీతలు ఎక్కువ, ఒత్తిడి సరిపోదు. అచ్చు కింద ఆ చోట టిష్యూ కాగితం మూడు పొరలు అతికిస్తే కుదిరింది. ఈ సంగతి పదమూడో అట్ట దగ్గర తట్టింది, మొదటి దాని దగ్గర తట్టాల్సింది.

ఇప్పటిదాకా: 2,680 రూపాయలు (అద్దుడు కాగితం 60). 55 గంటలు. పాడైన పక్కలు 22. జతపడే నిచ్చెనలు 11.

దశ 6. పెదనాన్న ఇంట్లో కరపత్రం (మే 11, 12)

నిచ్చెన షిల్లింగు పెట్టగలవాళ్ళది. దానికన్నా కింద ఇంకో బజారు ఉంది. సెవెన్ డయల్స్ పేటలో జేమ్స్ క్యాట్నాక్ లాంటివాళ్ళు పల్చటి కాగితం మీద ఒకవైపు పాట, పైన ఒక బొమ్మ అచ్చు వేసి వీధి పాటగాళ్ళకు ఇచ్చేవాళ్ళు. పెన్నీ, అరపెన్నీ సరుకు. కరోలిన్ గొడవ ఆ వ్యాపారానికి పండగ. బొమ్మ పాటకు సరిపోవాలన్న నియమం కూడా లేదు, ఉన్న పాత అచ్చే పెట్టేవాళ్ళు. నాకూ ఆ పద్ధతి నచ్చింది. నిచ్చెనకు వాడిన రాణినే కోసి వాడుకున్నాను.

పెదనాన్న దగ్గర 24 పాయింట్ల తెలుగు అక్షరాలు ఒక్క కేసు మిగిలి ఉంది. అందులో 'ణి'లు ఐదే. రాసుకెళ్ళిన ముసాయిదాలో 'రాణి' తొమ్మిదిసార్లు ఉంది.

"నాలుగు కొట్టేయి. లేదంటే ఆవిడ పేరు పెట్టు," అన్నాడు.

పేరు పెట్టాను. సంగతి 1820 నవంబరు 10ది: లార్డ్స్‌లో బిల్లు మూడో పఠనంలో 108కి 99. తొమ్మిది ఓట్లే తేడా. అలాంటి బిల్లును దిగువసభ కామన్స్‌కు పంపే ధైర్యం లేక ప్రధాని లార్డ్ లివర్‌పూల్ వెనక్కి తీసుకున్నాడు. లండన్‌లో సంబరంగా మూడు రాత్రులు దీపాలు పెట్టారు. పెదనాన్న అది కంపోజ్ చేస్తూ, "అంటే గెలిచినట్టా, ఓడినట్టా?" అని అడిగాడు. బిల్లు నెగ్గి కూడా పోయిందని చెప్పాను. "అయితే హెడ్డింగు నేను పెడతాను," అని 'రాజుగారి బిల్లు చెల్లలేదు' అని పేర్చాడు. నా హెడ్డింగు కన్నా అదే నయం. అందులో 'ణి' కూడా లేదు.

సీసం అక్షరం దిమ్మ ఎత్తు 23.3 మి.మీ., బొమ్మ అచ్చూ అంతే ఎత్తుకు రావాలి. లైనో 3.2, దాని కింద ప్లైవుడ్ 18, ఇంకా 2.1 తక్కువ. 300 జీఎస్ఎం అట్ట ముక్కలు ఐదు, ఒక మామూలు కాగితం పెడితే సరిపోయింది. కాగితాన్ని ముందురోజు రాత్రే తడిపి బరువు కింద పెట్టమన్నాడు. పొడి కాగితం మీద 10 వేసి చూశాను, అన్నీ పాలిపోయాయి. తడి కాగితం మీద 30 వేస్తే 26 బాగొచ్చాయి. మూడు గంటలు పట్టింది. ఆ రోజుల్లో చేతి ప్రెస్సు మీద ఇద్దరు మనుషులు గంటకు 250 తీసేవాళ్ళని లెక్క.

అడుగున 'ముద్రణ' అని ఊరు, ఇంటి నంబరుతో సహా ఒక వరస పేర్చింది కూడా ఆయనే. ఇంగ్లండ్‌లో 1799 చట్టం ప్రకారం ప్రతి అచ్చు కాగితం మీదా ముద్రాపకుడి పేరు, అడ్రసు ఉండాలి. లేకపోతే కాపీకి 20 పౌండ్ల జరిమానా. ఆయనకు ఆ చట్టం సంగతి తెలియదు. ఎన్నికల కరపత్రాలు వేసి వేసి అలవాటైన చెయ్యి అది, మన దగ్గరా వాటి మీద ప్రింటరు పేరు వేయాల్సిందే.

ఇప్పటిదాకా: 2,760 రూపాయలు (కాగితం 80). 63 గంటలు. కరపత్రాలు 26. నిచ్చెనకు 250 రూపాయలు దాటింది, కరపత్రాల వాటా తీయకుండా.

దశ 7. అప్పగింత (మే 19)

గుడ్డ పట్టీలు అతికించి, దారాలు కట్టి, 11 నిచ్చెనలూ పెదనాన్న ముందు వరసగా పెట్టాను. కాసేపు చూసి "వైకుంఠపాళీకి పాములు మరిచిపోయినట్టుందే," అన్నాడు. 12వ మెట్టు మీద వేలు పెట్టి, కింద టిష్యూ పెట్టావా అని అడిగాడు. తరువాత ఒకదాన్ని బోర్లించాడు. ఇంకోదాన్ని బోర్లించాడు.

"అడ్రసేదమ్మా?"

ఏ నిచ్చెన మీదా లేదు. 11 కాపీలు, కాపీకి 20 చొప్పున 220 పౌండ్లు.

స్టాంపు ఆర్డరిచ్చాను, 90 రూపాయలు. మొత్తం 2,850. వెనకవైపు కింద 8 మి.మీ. ఖాళీ ఉంది, అక్షరాలు రెండు వరసల్లో పడతాయి. 'ప్ర'కు కింద చోటు వదలమని షాపులో రెండుసార్లు చెప్పి వచ్చాను.